ఆఖరి స్తంభం ఖర్చు ఎవరిది?

స్కాట్లండ్‌లోని నెస్ సరస్సు దక్షిణపు కొసన ఫోర్ట్ అగస్టస్ అనే చిన్న ఊరుంది. అక్కడి బెనెడిక్టిన్ మఠవాసులు 1890 ప్రాంతంలోనే దగ్గరి వాగు నీటితో ఒక చిన్న టర్బైను తిప్పి, తమ మఠానికీ ఊరికీ విద్యుద్దీపాలు వెలిగించారు. అదే సరస్సు తూర్పు గట్టున ఫోయర్స్ దగ్గర 1896లో అల్యూమినియం కర్మాగారం మొదలైంది. ఖనిజం నుంచి అల్యూమినియాన్ని విడదీయాలంటే కొలిమి వేడి చాలదు, విద్యుత్తు ప్రవహించాలి. మెరుగుపడిన నేటి పద్ధతుల్లో కూడా కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్లు కావాలి. అందుకే ఆ పరిశ్రమ బొగ్గు గనులను వదిలి జలపాతాలను వెతుక్కుంటూ కొండల్లోకి వచ్చింది. కిన్లోక్‌లెవెన్, లోకాబర్‌లలో మరింత పెద్ద జలవిద్యుత్ కేంద్రాలు వెలిశాయి.

అంటే హైలాండ్స్ అని పిలిచే ఆ కొండసీమకు విద్యుత్తు కొత్త కాదు. ప్రపంచంలో చాలా దేశాలకంటే ముందే అక్కడ తయారైంది. అయినా అర్ధ శతాబ్దం గడిచాక, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి, ఉత్తర స్కాట్లండ్‌లో పెద్ద పొలాలున్న రైతుల్లో ఆరుగురిలో ఒకరికే కరెంటు ఉండేది. క్రాఫ్ట్‌లు అని పిలిచే చిన్న కమతాల ఇళ్లలో నూటికి ఒక్క ఇంటికే ఉండేది. మిగిలినవాళ్లది కిరోసిన్ దీపం, కొలిమి లాంటి పొయ్యి, బావి నుంచి బిందెల్లో మోసిన నీళ్లు. దీపం కిందే చీకటి అనే మాట అక్కడ అక్షరాలా నిజం.

ఎందుకలా జరిగింది? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పల్లెకు కరెంటు అనగానే మనకు ఆనకట్టలు, టర్బైన్లు గుర్తొస్తాయి. ఉత్పత్తి పెరిగితే వెలుగు దానంతటదే ఊళ్లోకి వస్తుందనుకుంటాం. హైలాండ్స్ చరిత్ర ఆ నమ్మకాన్ని తలకిందులు చేస్తుంది.

ముందు భౌతికశాస్త్రం చెప్పే సంగతి చూద్దాం. ఒక కమతం ఉన్న ఇల్లు విద్యుత్ కేంద్రానికి 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 10 కిలోమీటర్లు. కిలోమీటరుకు ఒక ఓమ్ నిరోధం ఉన్న తీగ వాడితే మొత్తం నిరోధం 10 ఓమ్‌లు. ఆ ఇంటికి 240 వోల్టుల దగ్గర 2 కిలోవాట్లు పంపాలంటే 8 ఆంపియర్లకు పైగా ప్రవహించాలి. అప్పుడు దారిలోనే 80 వోల్టులు పోతాయి. ఇంటికి చేరేది 160. వేసవి సాయంత్రం ఊరి చివర ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరగడం చూసిన తెలుగు పాఠకుడికి లో ఓల్టేజి గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. అదే 2 కిలోవాట్లను 11,000 వోల్టుల దగ్గర పంపితే ప్రవాహం ఆంపియరులో ఐదో వంతుకూడా ఉండదు. దారిలో పోయేది రెండు వోల్టుల లోపే. ఇంటి పక్క స్తంభానికి బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ 240కి దించుతుంది. నష్టం ప్రవాహపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజిని 46 రెట్లు పెంచితే అదే తీగలో నష్టం రెండు వేల రెట్లకు పైగా తగ్గుతుంది.

కాబట్టి దూరం అనేది ఇంజినీర్లకు ఎప్పుడో లొంగిపోయింది. 1926 చట్టంతో ఏర్పడిన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డు 132 కిలోవోల్టుల జాతీయ గ్రిడ్‌ను తలకెత్తుకుంది. దాని తొలి ఉక్కు టవర్‌ను 1928లో స్కాట్లండ్‌లోనే, ఫాల్కర్క్ దగ్గర నిలబెట్టారు. 1933కల్లా గ్రిడ్ చాలావరకు పూర్తయింది. రానక్, టమ్మెల్ సరస్సుల దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ 1930ల తొలినాళ్లలో కట్టిన జలవిద్యుత్ కేంద్రాల కరెంటు ఆ టవర్ల మీదుగా దక్షిణాదికి పోయింది. తీగ పల్లెల నెత్తిమీదుగా సాగిపోయింది కానీ కిందికి దిగలేదు.

దిగకపోవడానికి కారణం లెక్కల్లో ఉంది. నగరంలో ఒక కిలోమీటరు తీగ లాగితే వందల ఇళ్లు తగులుతాయి. కొండసీమలో అదే కిలోమీటరుకు ఒక ఇల్లు తగిలితే గొప్ప. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్, పీట్ అనే బురద నేలలో గుంతలు తవ్వే కూలి అంతా ఒక్క ఇంటి ఖాతాలో పడుతుంది. ఆ ఇంటివాళ్లు వాడేది నాలుగు బల్బులు, ఒక రేడియో. వాళ్లు నెలనెలా కట్టే బిల్లు ఆ పెట్టుబడికి వడ్డీ కూడా కాదు. వాటాదారులకు జవాబు చెప్పాల్సిన ఏ కంపెనీ కూడా ఆ స్తంభం పాతదు. కంపెనీ యజమానుల మంచితనం, చెడ్డతనం ఇక్కడ అప్రస్తుతం. విద్యుత్ కేంద్రం ఒకరి ఖాతాలో, పల్లె తీగ మరొకరి ఖాతాలో ఉన్నంతకాలం ఫలితం ఇలాగే ఉంటుంది.

ఆ రెండు ఖాతాలనూ కలిపిన మనిషి టామ్ జాన్‌స్టన్. గ్లాస్గో దగ్గరి కిర్కిన్‌టిల్లోక్‌లో పుట్టిన లేబర్ పార్టీ నాయకుడు, పాత్రికేయుడు. భూస్వామ్య ప్రభు వంశాలు భూములు ఎలా సంపాదించాయో ఎండగడుతూ 1909లోనే పుస్తకం రాశాడు. 1941లో చర్చిల్ తన యుద్ధకాలపు సంకీర్ణ మంత్రివర్గంలో అతన్ని స్కాట్లండ్ వ్యవహారాల మంత్రిగా తీసుకున్నాడు. అప్పటికి హైలాండ్స్ జలవిద్యుత్ ప్రతిపాదనలు పార్లమెంటులో మళ్లీ మళ్లీ ఓడిపోయి ఉన్నాయి. కలెడోనియన్ పథకం అనేది 1936, 1937, 1938ల్లో వరసగా మూడుసార్లు వీగిపోయింది. వేట మైదానాలు, సాల్మన్ చేపల నదులు ఉన్న భూస్వాములు, బొగ్గు వ్యాపారులు, ప్రకృతి సౌందర్యం పాడవుతుందని నిజాయితీగా బాధపడినవాళ్లు, లాభమంతా బయటికి పోతుందని భయపడిన స్థానికులు ఒకే వైపు చేరారు. ఆ చివరివాళ్ల భయం సబబైనదే. ఫోయర్స్ అనుభవం కళ్లెదుటే ఉంది.

జాన్‌స్టన్ న్యాయమూర్తి కూపర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశాడు. 1942 చివర అది నివేదిక ఇచ్చింది. 1943 ఆగస్టులో, లండన్ మీద బాంబుల జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే, జలవిద్యుత్ అభివృద్ధి చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏర్పడిందే నార్త్ ఆఫ్ స్కాట్లండ్ హైడ్రో ఎలక్ట్రిక్ బోర్డు. బ్రిటన్ భూభాగంలో దాదాపు నాలుగో వంతు దాని పరిధి, జనాభాలో మాత్రం బహుకొద్ది భాగం. ప్రభుత్వ హామీతో 3 కోట్ల పౌండ్ల దాకా అప్పు తెచ్చుకునే అధికారం ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక చిన్న ఉపనిబంధన. ఉత్తర ప్రాంతపు ఆర్థికాభివృద్ధికీ సామాజిక మెరుగుదలకూ తోడ్పడటం బోర్డు విధుల్లో ఒకటి అని చట్టమే చెప్పింది. ఒక విద్యుత్ సంస్థ చేతికి ఇలాంటి బాధ్యత అప్పగించడం ఆ రోజుల్లో అరుదు. బోర్డు తొలి అధ్యక్షుడిగా జాన్‌స్టన్ ఒక ప్రభువునే, ఎయిర్లీ ఎర్ల్‌ను, కూర్చోబెట్టాడు. ప్రభు వంశాలను ఎండగట్టిన రచయిత చేసిన ఈ నియామకంలో మంచి రాజకీయ లౌక్యం ఉంది. 1946 నుంచి 1959 దాకా తానే అధ్యక్షుడయ్యాడు.

బోర్డు జమాఖర్చులను నడిపిన బుర్ర ఎడ్వర్డ్ మకాల్ అనే ఇంజినీరుది. అతని ఎత్తు అర్థం కావాలంటే స్లాయ్ సరస్సును చూడాలి. లోమండ్ సరస్సు పడమటి గట్టుకు పైన, కొండల మధ్య, వాన విపరీతంగా కురిసే చోట ఉంది అది. ఆనకట్టతో దాని మట్టం పెంచి, కొండలోంచి సొరంగం తవ్వి, నీటిని దాదాపు 277 మీటర్ల ఎత్తు నుంచి లోమండ్ గట్టున ఉన్న టర్బైన్ల మీదికి వదిలారు. అంత ఎత్తు నుంచి సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు దిగితే, నష్టాలు పోను, 2,300 కిలోవాట్లకు పైగా వస్తుంది. బొగ్గు కేంద్రంలో బాయిలర్ వేడెక్కి ఆవిరి సిద్ధమవడానికి గంటలు పడుతుంది. ఇక్కడ తలుపు తెరిచిన కొద్ది నిమిషాల్లోనే టర్బైన్లు పూర్తి వేగం అందుకుంటాయి. గ్లాస్గో ఫ్యాక్టరీలూ వంటిళ్లూ ఒక్కసారిగా కరెంటు అడిగే సాయంత్రం వేళ ఆ కొద్ది నిమిషాలకు చాలా విలువుంది. మకాల్ అమ్మింది ఆ విలువనే. అదే విద్యుత్తును బొగ్గుతో తయారుచేస్తే ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, దాని ఆధారంగా దక్షిణాది గ్రిడ్‌కు ధర కుదిర్చాడు. అలా వచ్చిన మిగులును కొండల్లో ఒంటరి ఇళ్లకు తీగలు లాగడానికి మళ్లించాడు. ఫోయర్స్‌లో నీటి బలం ఫ్యాక్టరీ గోడ దాటలేదు. స్లాయ్‌లో గ్లాస్గో కట్టిన బిల్లు వెనక్కి వచ్చి పల్లెలో స్తంభమైంది.

1950 అక్టోబరు 18న రాణి ఎలిజబెత్, అంటే ఆరో జార్జి రాజు భార్య, స్లాయ్‌ను ప్రారంభించింది. అయితే నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది రెండేళ్ల ముందు 1948 డిసెంబరులో మోరార్‌లో జరిగిన సభ. పడమటి తీరాన అదొక చిన్న కేంద్రం. దక్షిణాదికి అమ్మేంత కరెంటు దాంట్లో లేదు. చుట్టుపక్కల కమతాలకోసమే కట్టారు. దాన్ని ప్రారంభించింది రాణీ కాదు, మంత్రీ కాదు. ఆ ప్రాంతపు కమతంలో బతికే ఒక మహిళ, తన గేలిక్ భాషలో మాట్లాడి, మీట నొక్కింది. పెద్ద పథకాలు పూర్తయ్యి లాభం వచ్చేదాకా చిన్న పల్లెలు ఆగక్కర్లేదని బోర్డు చేసి చూపింది. ఆ క్రమం అనుకోకుండా జరిగింది కాదు.

ఇదంతా ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థేనా? సోవియట్ రష్యా 1920లో ఆమోదించిన గోయెల్రో ప్రణాళిక అప్పటికే ప్రపంచమంతా తెలుసు. పది, పదిహేనేళ్లలో 30 ప్రాంతీయ విద్యుత్ కేంద్రాలు కట్టాలన్నది దాని లక్ష్యం. కేంద్రాలు లేచాయి, ఫ్యాక్టరీలు నడిచాయి. పల్లె మాత్రం వరసలో చాలా వెనక నిలబడింది. కేంద్ర ప్రభుత్వం ఒకేచోట కూర్చుని టన్నుల్లో, కిలోవాట్లలో లక్ష్యాలు పెట్టినప్పుడు, చెదురుమదురు ఇళ్లు లెక్కకు ఆనవు. కాబట్టి ప్రణాళిక ఉన్నంత మాత్రాన పల్లెకు వెలుగు రాదు. ప్రణాళికలో పల్లెను ఏ అంకెగా రాశారన్నదే అసలు సంగతి.

బ్రిటన్ సోవియట్ కాదు. అయినా 1945 తర్వాతి లేబర్ ప్రభుత్వం కింద బొగ్గు, రైళ్లు, విద్యుత్తు జాతీయం అయ్యాయి. ఉక్కు, కలప, సిమెంటు ఎవరికి ఎంతో ప్రభుత్వమే కేటాయించేది. 1948 ఏప్రిల్ 1న ఇంగ్లండ్, వేల్స్, దక్షిణ స్కాట్లండ్‌లలోని వందలాది కంపెనీలూ పురపాలక సంస్థలూ రద్దయి బ్రిటిష్ ఎలక్ట్రిసిటీ అథారిటీ, దానికింద 14 ప్రాంతీయ బోర్డులు ఏర్పడ్డాయి. అధ్యక్షుడు వాల్టర్ సిట్రిన్ కార్మిక సంఘాల మహాసభకు మాజీ ప్రధాన కార్యదర్శి. మహిళల విద్యుత్ సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన కారొలైన్ హాస్లెట్‌కు అందులో సభ్యత్వం దక్కింది. బట్టలుతికే యంత్రం, ఇస్త్రీ పెట్టె ఆడవాళ్ల వెన్ను నొప్పికి సంబంధించిన విషయాలని పట్టుబట్టి చెప్పిన ఇంజినీరు ఆమె. లండన్‌లో అంతా కేంద్రీకృతమవుతున్న ఆ సమయంలోనే హైలాండ్స్ బోర్డును మాత్రం విడిగా ఉంచారు. అలా ఉంచడమే దాన్ని కాపాడిందని నా అభిప్రాయం. లక్షల ఇళ్ల నగరాలతో ఒకే బల్ల ముందు కూర్చుని ఉంటే స్కై దీవిలో ఒంటరి కమతం ఏనాటికీ వంతు దక్కించుకునేది కాదు.

వంతు దొరికినా సరుకు దొరకడం కష్టమే. 1947 ఫిబ్రవరిలో మంచు తుఫానులకు బొగ్గు రవాణా స్తంభించి, ఫ్యాక్టరీలకు కరెంటు కోసేశారు. బాంబులకు కూలిన ఇళ్లను మళ్లీ కట్టాలి. ఎగుమతులు పెంచాలి. తీగ, కలప స్తంభాలు, మీటర్లు అన్నిటికీ కటకటే. దరఖాస్తు పెట్టుకుని ఏళ్లపాటు ఎదురుచూసిన పల్లెలు ఎన్నో.

పనులు మాత్రం సాగాయి. పిట్‌లోక్రీ ఊరి హోటళ్లవాళ్లూ చేపల వేటగాళ్లూ తమ ఊరి నది మీద ఆనకట్టను తీవ్రంగా వ్యతిరేకించారు. సాల్మన్ చేపలు సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన వాగుకే ఎదురీదుకుంటూ పోతాయి. ఆనకట్ట అడ్డొస్తే ఆ తరమే ఉండదు. ఇంజినీర్లు పక్కనే 34 తొట్లతో మెట్లమెట్లుగా 300 మీటర్ల పొడవున చేపల దారి కట్టారు. తొట్టి నుంచి తొట్టికి నీటి కిందుగా ఉన్న గొట్టాల్లోంచి చేపలు ఈదుకుంటూ పైకి పోతాయి. ఆ ఆనకట్ట చూడటానికే ఇప్పుడు యాత్రికులు ఆ ఊరికి వస్తున్నారు. సొరంగాల కథ ఇంకా కఠినమైనది. ఐర్లండ్‌లోని డొనెగల్ నుంచి వచ్చినవాళ్లు, పోలండ్ నిర్వాసితులు, యుద్ధ ఖైదీలుగా వచ్చిన జర్మన్లు, స్థానికులు కొండల్లోంచి 300 కిలోమీటర్లకు పైగా రాతిని తొలిచారు. 1955లో సెయింట్ ఫిలన్స్ దగ్గర ఏడు రోజుల్లో 557 అడుగులు తవ్వి అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించారు. ఊపిరితిత్తుల్లో రాతి పొడితో, పేలుళ్లలో, రాయి కూలి పోయిన ప్రాణాలు ఆ వెలుగు ఖర్చులో భాగమే. ఏ జమాఖర్చు పట్టికా వాటిని సరిగా రాసుకోలేదు.

లోయలు మునిగినా ఊళ్లు పెద్దగా మునగలేదు. దాన్ని బోర్డు గొప్పగా చెప్పుకోవడానికి లేదు. గొర్రెల మేతకోసం 18, 19 శతాబ్దాల్లో భూస్వాములు ఆ లోయల జనాన్ని ముందే వెళ్లగొట్టేశారు. మునగడానికి ఇళ్లే మిగల్లేదు. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లను పోగొట్టుకున్న మనకు ఆ ఖాళీ లోయల అర్థం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

1960ల మధ్యకు 54 ప్రధాన కేంద్రాలు, 78 ఆనకట్టలు పూర్తయ్యాయి. పదింట తొమ్మిది ఇళ్లకు కరెంటు చేరింది. అప్పుడే గాలి మారింది. బొగ్గు, అణు కేంద్రాలు పెద్దవవుతూ చవకయ్యాయి. 1962లో మెకెంజీ కమిటీ, కొత్త జలవిద్యుత్ పథకాలు ఆర్థికంగా నిలవవని తేల్చి, ఉత్తర బోర్డునూ దక్షిణ స్కాట్లండ్ విద్యుత్ బోర్డునూ కలిపేయమంది. విలీనం జరగలేదు కానీ కొత్త ఆనకట్టలకు అనుమతులు ఆగిపోయాయి. 1965లో ప్రారంభమైన క్రూఆకన్ కేంద్రం ఆ యుగానికి చివరి అధ్యాయం. రాత్రి మిగిలిన కరెంటుతో నీటిని కొండమీదికి తోడి, పగలు కిందికి వదిలే ఆ కేంద్రం మకాల్ కలే. చూడకుండానే అతను 1951లో చనిపోయాడు.

ఈ కథ మన ఇంటి దాకా వస్తుంది. స్వతంత్ర భారతం 1948లో చేసుకున్న విద్యుత్ సరఫరా చట్టానికి బ్రిటిష్ చట్టాలే ఒరవడి. దాని కిందే 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు పుట్టింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు అప్పటికే వస్తోంది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి అప్పులు ఇవ్వసాగింది. సిరిసిల్లలో 1970లో పల్లెజనం వాటాదారులుగా విద్యుత్ సహకార సంఘం నడక మొదలుపెట్టింది. అయితే మన దగ్గర తీగను పొలానికి లాక్కెళ్లింది బోరుబావి మోటారు. ఇల్లు తర్వాత. పైగా ఊరి పొలిమేరలో ఎక్కడ ఏ పనికి కరెంటు వాడినా ఆ ఊరు విద్యుదీకరణ జరిగిన ఊళ్ల జాబితాలోకి ఎక్కేది. కనీసం నూటికి పది ఇళ్లకు ఉండాలన్న నియమం వచ్చింది 2004లో. స్తంభాలు లెక్కపెట్టే ప్రణాళికకూ ఇళ్లు లెక్కపెట్టే ప్రణాళికకూ ఎంత దూరమో ఆ ఒక్క నిర్వచనం చెబుతుంది.

హైలాండ్స్ బోర్డు లెక్కలోనూ కొన్ని ఇళ్లు చివరిదాకా రాలేదు. పడమటి సముద్రంలో ఎయిగ్ అనే చిన్న దీవికి తీగ ఎన్నడూ చేరలేదు. ఎవరి డీజిల్ జనరేటరు వారిదే. 1997లో దీవివాసులు భూస్వామి నుంచి దీవినే కొనుక్కున్నారు. 2008లో నీరు, గాలి, ఎండ మూడింటితో సొంత గ్రిడ్ కట్టుకున్నారు. వంద మంది దీవిలో వాళ్లు పెట్టుకున్న నియమం ఒకటుంది. ఏ ఇల్లయినా ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. మించితే సరఫరా దానంతటదే కట్టయిపోతుంది. కేంద్రం వేసిన ప్రణాళిక కాదు, అయినా ఇదీ ప్రణాళికే. పంచుకునేవాళ్లే పంపకం రాసుకున్నారు.

బోర్డు 1990ల మొదట్లో ప్రైవేటుపరమైంది. ఉత్పత్తి లాభం పల్లె తీగను మోసే ఏర్పాటును హైడ్రో బెనిఫిట్ అనేవాళ్లు. ప్రైవేటు కాలంలోనూ అది కొంతకాలం నడిచింది. 2005లో దాన్ని తీసేసి, బ్రిటన్ అంతటా కరెంటు అమ్మే కంపెనీల నుంచి కొంత వసూలు చేసి ఉత్తర స్కాట్లండ్ తీగల ఖర్చుకు ఇచ్చే పద్ధతి పెట్టారు. చివరికది అందరి బిల్లుల్లో పడుతుంది. జలపాతాల నుంచి వచ్చే ఆదాయం వాటాదారులది, ఆఖరి స్తంభం ఖర్చు వినియోగదారులది. జాన్‌స్టన్ కలిపిన రెండు ఖాతాలు అలా మళ్లీ విడిపోయాయి. 2024లో షెట్‌లండ్ దీవుల నుంచి ప్రధాన భూభాగానికి సముద్రం కింద కేబుల్ మొదలైంది. అక్కడి పెద్ద గాలిమరల క్షేత్రం కరెంటు దక్షిణానికి సాగుతోంది. ఇంత కరెంటు పుట్టే ఉత్తర స్కాట్లండ్‌లో మీటరుకు రోజువారీ కట్టే స్థిర రుసుము మాత్రం లండన్ వాసి కట్టే దానికంటే ఎక్కువ. గాలిమరల ఆదాయంలో కొంత ఆ రుసుము తగ్గించడానికి చట్టప్రకారం మళ్లించడం సాధ్యమే, న్యాయమే. 1943లో, నేటికంటే ఎన్నో రెట్లు పేదగా, యుద్ధంలో మునిగి ఉన్న బ్రిటన్ ఆ పని చేసింది.